మొగిలి ఘాట్ దిగుడులో కూత: ఒక పాత పికప్ క్రౌన్‌పినియన్ కేసు

బండి 2008 మోడల్ డీజిల్ పికప్. కాగితాల ప్రకారం మోసే బరువు ఒకటిన్నర టన్ను లోపు. మదనపల్లె యార్డులో టమాటా క్రేట్లు ఎత్తుకుని పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నైకి వేయడం, అక్కణ్నుంచి ఖాళీగానో చిల్లర సరుకుతోనో తిరిగి రావడం దాని పని. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ కేసులో తప్పు తయారీది కాదు. వెనక యాక్సిల్ ఇదే అమరికలో ఉన్న బళ్లు రోడ్డు మీద చాలా రకాలున్నాయి, కొలతలు కాస్త మారినా పద్ధతి అన్నిటికీ ఒకటే.

ఓనరే డ్రైవరు. ఆయన చెప్పింది ఇది: "అన్నా, మొగిలి ఘాట్ దిగేటప్పుడు వెనకాల కూత పెడతా ఉండాది. ఎక్కేటప్పుడు ఏం లేదు. ఇప్పుడు టకటకా అని కూడా కొడతా ఉండాది." అంతకుముందు ఒకచోట చూపిస్తే హబ్ బేరింగులు పోయాయని రెండు పక్కలా మార్చారట. కూత మాత్రం తగ్గలేదు.

దిగుడులో కూత ఉంది, ఎక్కుడులో లేదు. ఈ ఒక్క మాటతోనే సగం దారి తెలిసిపోతుంది. వెనక యాక్సిల్ నడుమ, ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్ట్ చివరున్న చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ క్రౌన్‌ను నెడుతుంది, అప్పుడు పంటికి ఒక ముఖమే పనిచేస్తుంది. కాలు తీసి గేరులోనే దిగుతున్నప్పుడు చక్రాలు క్రౌన్‌ను తిప్పుతాయి, క్రౌన్ పినియన్‌ను నెడుతుంది, అప్పుడు పనిచేసేది పంటి రెండో ముఖం. పళ్లు వంపుగా కోసి ఉంటాయి కాబట్టి నెట్టిన ప్రతిసారీ పినియన్ షాఫ్ట్ పొడవునా ఒక తోపు పడుతుంది. లాగేటప్పుడు ఆ తోపును పినియన్ తల వెనకున్న పెద్ద బేరింగు కాస్తుంది. కాలు తీసినప్పుడు ఫ్లేంజ్ (షాఫ్ట్ బిగించే బిళ్ల) పక్కనున్న చిన్న బేరింగు కాస్తుంది. అందువల్ల దిగుడులో మాత్రమే కూసే బండి వస్తే నేను మొదట అనుమానించేది ఆ చిన్న బేరింగునీ, దాని బిగువునీ. హబ్ బేరింగు పోతే తొక్కినా వదిలినా ఒకేలా గురగురమంటుంది, మలుపులో బరువు ఒక పక్కకు వాలితే శబ్దం మారుతుంది. హబ్బులు విప్పేముందు ఆయన్ని ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

ఈ రూటులో ఇంకో సంగతి ఉంది. లోడుతో బళ్లు పలమనేరు పీఠభూమి మీద నుంచి మొగిలి ఘాట్ గుండా చిత్తూరు వైపు దిగుతాయి, ఎక్కేది ఖాళీగా. సాధారణంగా బళ్లలో లాగే ముఖం ముందు అరుగుతుంది. ఇక్కడ బరువంతా రెండో ముఖం మీద, చిన్న బేరింగు మీద పడుతోంది.

ఆయన్నే తోలమని పక్కన కూర్చున్నాను. ముప్పై వేగంలో న్యూట్రల్ చేయించినా టకటక ఆగలేదు, కాబట్టి ఇంజను, గేర్‌బాక్స్ గేర్లు లెక్కలోంచి పోయాయి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కుడికీ ఎడమకీ ఊపాం, శబ్దం మారలేదు. పెట్రోల్ బంకు వెనక మైదానంలో ఎనిమిది అంకె తిప్పించాం, మలుపులో దెబ్బ లేదు. లోపలి స్పైడర్ గేర్లు ఒక చక్రం ఎక్కువా ఒకటి తక్కువా తిరిగినప్పుడే పనిచేస్తాయి కాబట్టి వాటిని కూడా పక్కన పెట్టాను.

తర్వాత చేసిన పరీక్షకు చాక్‌పీస్ తప్ప ఏ పనిముట్టూ అక్కర్లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. వెనక టైరు మీద తెల్లగా ఒక గీత గీసి, బండిని నడక వేగంలో తిన్నగా పోనిచ్చి, మా కుర్రవాణ్ని పక్కనే నడవమన్నాను. గీత నేలను తాకి మళ్లీ నేలను తాకేలోపు ఎన్ని టక్కులు వస్తున్నాయో లెక్కపెట్టాలి. నాలుగు వచ్చాయి. ఈ బండి పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్‌కు 37. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వచ్చి పినియన్‌ను తిప్పే పొడవు షాఫ్ట్) 4.11 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు ఒక టక్కు వస్తే లోపం క్రౌన్ పంటిలోనో, బ్రేక్ డ్రమ్ములోనో, టైరులోనో ఉంటుంది. నాలుగు వస్తే షాఫ్ట్ క్రాసులోనో (షాఫ్ట్ కీలు), పినియన్‌లోనో ఉండాలి. గంటకు 20 వేగంలో షాఫ్ట్ సెకనుకు పది చుట్లు తిరుగుతుంది కాబట్టి అక్కడ చెవితో లెక్కపెట్టలేం. నడక వేగంలో చిన్నపిల్లలు కూడా లెక్కపెట్టగలరు.

స్టాండ్ల మీదికి ఎత్తి చూస్తే క్రాసులు రెండూ బిగువుగా ఉన్నాయి, సెంటర్ బేరింగ్ రబ్బరు బాగుంది. పినియన్ ఫ్లేంజ్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆడింది. అక్కడ వెంట్రుకవాసి ఆట కూడా ఉండకూడదు. డయల్ గేజ్ ఆనించి ముందుకీ వెనక్కీ నెడితే 0.30 మిల్లీమీటర్లు చూపించింది. ఆయిల్ కారకుండా ఆపే సీల్ చుట్టూ ఆయిలూ దుమ్మూ కలిసి మందంగా పేరుకుంది. లెవల్ ప్లగ్ విప్పి వేలు పెడితే ఆయిల్ తగల్లేదు. ఈ గేర్లుండే, రెండు లీటర్ల దాకా పట్టే హౌసింగులోంచి దిగింది ముప్పావు లీటరు లోపే, అదీ నల్లగా, మాడు వాసనతో.

డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే. పాత బండి ఏది విప్పినా అది ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. ఆ ముద్దను రెండు వేళ్ల మధ్య నలిపి చూడాలి. మెత్తగా జారిపోతే అది అరుగుడు. గుచ్చుకుంటే ఎక్కడో లోహం పొర లేచింది. ఇక్కడ పొరలు గుచ్చుకున్నాయి, వాటితోపాటు గోరంత ముక్క ఒకటి దొరికింది. ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. పంటి కొస.

ఆయన ముక్కను అరచేతిలో వేసుకుని చూసి, "చెన్నై లోడు ఒకటి ఒప్పుకోనుండా అన్నా, పోయి వస్తే కాదా?" అన్నాడు. "వద్దు తమ్ముడూ, ఘాట్‌లో పినియన్ బిగుసుకుంటే వెనక చక్రాలు లాక్ అవుతాయి. వెనకాల వచ్చే లారీకి నువ్వు ఆగావని తెలిసేలోపే అయిపోతుంది" అని చెప్పాను. ఆ ఘాట్‌లో జరిగే ప్రమాదాల సంగతి ఈ రూటు డ్రైవర్లకు నేను చెప్పాల్సిన పని లేదు. లోడు ఇంకో బండికి అప్పగించాడు.

విప్పేముందు కొలవాలి. విప్పాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. యాక్సిల్ షాఫ్టులు లాగి, క్రౌన్ పినియన్లు కూర్చున్న క్యారియర్‌ను బల్ల మీదికి తెచ్చి, క్రౌన్ పళ్ల ఆట నాలుగుచోట్ల చూశాను. 0.40 నుంచి 0.55 దాకా ఉంది. ఈ తరహా యాక్సిల్‌లో 0.15 నుంచి 0.20 ఉండాలి. ఫ్లేంజ్‌ను వేలితో తిప్పితే ఏ అడ్డూ లేకుండా తిరిగింది, అంటే బేరింగుల బిగువు సున్నా. క్రౌన్‌ను రెండు పక్కలా మోసే సైడ్ బేరింగ్ క్యాపులకు కుడి ఎడమ తెలిసేలా పంచ్ గుర్తులు కొట్టాకే బోల్టులు వదిలాను. ఆ క్యాపుల్ని క్యారియర్‌కు బిగించి బోర్ చేస్తారు కాబట్టి తారుమారైతే అమరిక పోతుంది.

చిన్న బేరింగు కప్పులో, అంటే బయటి రింగులో, సగం చుట్టు పొర లేచిపోయింది. రోలర్లు వేడికి గోధుమరంగు తిరిగాయి, కేజ్ ఒకచోట చిట్లింది. పెద్ద బేరింగు మీద సన్న గీతలున్నాయి, అవి ఈ రజను తిరిగి తిరిగి చేసినవి. స్పైడర్ గేర్లు బాగానే ఉన్నాయి, వాటి వాషర్లు మాత్రం పల్చబడ్డాయి. ఒక వెనక టైరు కొత్తది, ఒకటి గుండు. దాంతో తిన్నటి రోడ్డు మీద కూడా స్పైడర్లకు విశ్రాంతి ఉండదు. ఓనరుకు ఆ మాట చెప్పాను.

పినియన్ తొమ్మిది పళ్లలో ఒకదాని బయటి కొస లేదు. విరిగిన చోటును డీజిల్‌తో కడిగి భూతద్దంతో చూస్తే రెండు రకాల ఉపరితలం కనిపించింది. మూడింట రెండు వంతులు నునుపుగా నల్లబడి ఉంది. ఒక మూల నుంచి బయల్దేరి, కోసిన చెట్టు మానులో వలయాల్లా ఒకదాని తర్వాత ఒకటి వంపు గీతలున్నాయి. మిగిలిన వంతు గరుకుగా, తాజాగా మెరుస్తోంది. ఆ నల్లటి భాగం ఒక్క దెబ్బకు విరిగింది కాదు. పగులు చాన్నాళ్ల కిందటే పుట్టి, లోడు పడిన ప్రతిసారీ కొంచెం కొంచెం జరుగుతూ, చివరికి మిగిలిన వంతు తట్టుకోలేక ఒక్కసారిగా తెగింది. టకటక మొదలైంది ఆ తెగిన రోజు. పగులు పుట్టిన మూల ఉన్నది కాలు తీసినప్పుడు పనిచేసే ముఖం మీద.

క్రౌన్ 37 పళ్లలో దెబ్బ తగలనిది ఒక్కటీ లేదు. 9కీ 37కీ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పంటినీ వరుసగా కలుస్తుంది. అరుగుడు అన్నిటికీ సమంగా పంచుకోవాలనే ఇట్లా బేసి లెక్కలు పెడతారు. అదే పద్ధతిలో విరిగిన పన్ను కూడా అందరినీ పలకరిస్తుంది. క్రౌన్ తొమ్మిది చుట్లు తిరిగితే చాలు, టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుంటే బండి ఇరవై మీటర్లు కదిలేసరికి ఒక్క పన్నూ మిగలదు. "పినియన్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది కదా" అని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు.

ఎవరు చూసినా ముందు అనే మాట "ఓవర్‌లోడ్". ఈ బండి ఎక్కువ బరువు మోసింది నిజమే, ఓనరు దాచలేదు. అయినా నేను ఒప్పుకోలేదు. బరువే చంపి ఉంటే, ఘాట్ బయట అదే లోడును లాగే ముఖానికి కూడా దెబ్బ తగలాలి. ఆ ముఖం వయసుకు తగ్గట్టు అరిగి, గుంటలు లేకుండా, మెరుపుతో ఉంది. దెబ్బంతా ఎదురు ముఖానిదీ, చిన్న బేరింగుదీ. బరువు ఈ చావును తొందరపెట్టి ఉంటుంది, మొదలుపెట్టింది మాత్రం వేరే.

పినియన్ నట్టు మీద ఉలి దెబ్బలున్నాయి. అడిగితే, కొన్ని నెలల కిందట హైవే పక్క ఒక షాపులో పినియన్ సీల్ మార్పించానని చెప్పాడు. ఈ యాక్సిల్‌లో రెండు పినియన్ బేరింగుల మధ్య పల్చటి ఉక్కు కాలర్ ఒకటి ఉంటుంది. నట్టు బిగిస్తుంటే అది నలుగుతుంది. ఎంత నలిగితే బేరింగులకు అంత బిగువు వస్తుంది. ఒకసారి నలిగాక అది మళ్లీ లేవదు. సీల్ కోసం నట్టు విప్పి, గుర్తు లేకుండా చేతికొచ్చినట్టు బిగిస్తే రెండింటిలో ఒకటి జరుగుతుంది. పాత చోటుకు రాకముందే ఆపితే పినియన్ వదులుగా ఉండిపోతుంది. దాటించి బిగిస్తే బేరింగులు మాడతాయి. ఇక్కడ మొదటిది జరిగింది. వదులైన పినియన్ దిగుడులో ప్రతిసారీ క్రౌన్ లోపలికి జరిగి, పళ్ల తాకిడి కొసకు చేరింది. మొత్తం వెడల్పు మీద పంచుకోవాల్సిన బరువు ఒక మూల మీద పడి, పగులు అక్కడే పుట్టింది.

మరి ఆ సీల్ ఎందుకు కారింది? మార్చిన సీల్ కూడా ఎందుకు కారింది? దానికి జవాబు హౌసింగ్ పైన దొరికింది. యాక్సిల్ గొట్టం మీద బొటనవేలంత బ్రీదర్ ఒకటి ఉంటుంది, లోపలి గాలి బయటికి పోవడానికి. ఇది నల్ల పెయింటు కింద పూడిపోయి ఉంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్‌సీ కావాలి, ఎఫ్‌సీకి ముందు ఛాసిస్ కడిగి పెయింటు కొడతారు. బురద మీద పెయింటు, దాని మీద మళ్లీ బురద, మళ్లీ పెయింటు. సూది పెట్టి గుచ్చితే తప్ప రంధ్రం ఎక్కడుందో తెలియలేదు. లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే, మూసిన హౌసింగులో ఒత్తిడి ఐదోవంతు పెరుగుతుంది. బయటికి దారి లేని ఆ ఒత్తిడి సీల్ పెదవి కిందనుంచి ఆయిల్‌ను నెడుతుంది. రాత్రి చల్లారినప్పుడు అదే సందులోంచి దుమ్మునూ తేమనూ లోపలికి పీలుస్తుంది. ఎంత మంచి సీల్ వేసినా దీనికి ఆగదు.

వరుస ఇదీ: బ్రీదర్ మూసుకుంది, సీల్ కారింది, సీల్ మార్చినప్పుడు బిగువు పోయింది, కొత్త సీలూ కారి ఆయిల్ తగ్గింది, ఆయిల్ చాలక చిన్న బేరింగు మాడింది, పినియన్ ఇంకా వదులై పన్ను తెగింది. చిన్న బేరింగు ఎత్తులో ముందుకు ఉంటుంది కాబట్టి, క్రౌన్ చిమ్మిన ఆయిల్ కాలువ గుండా వచ్చి తడిపితేనే దానికి బతుకు. లెవల్ తగ్గితే అన్నిటికంటే ముందు ఎండేది అదే.

ఓనరు ఆటోనగర్‌లో పాత క్యారియర్ ఏదైనా దొరుకుతుందేమో చూద్దామన్నాడు. పాతది పెట్టడమే తప్పని నేను అనను. పళ్ల ఆట కొలిచి, రెండు ముఖాలూ చూసి, బేరింగులు మార్చి పెట్టుకుంటే పాత సెట్టు కూడా చాలా కాలం పనిచేస్తుంది. ఒక బండి పినియన్, ఇంకో బండి క్రౌన్ కలిపి అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకూడదు. ఈ రెండింటినీ ఫ్యాక్టరీలో జంటగా నూరి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. నంబరు కలవకపోతే ఎంత తక్కువకు వచ్చినా ఆ డబ్బు వృథా. లోడుతో ఘాట్ దిగే బండి కాబట్టి నేను కొత్త జంటే వేద్దామన్నాను, ఆయన ఒప్పుకున్నాడు. నాలుగు బేరింగులు, కాలర్, సీల్, నట్టు, బ్రీదర్ కూడా కొత్తవే. సైడ్ బేరింగులు చూడటానికి బాగున్నా ఆ రజనంతా వాటిలోంచీ తిరిగింది. యాక్సిల్ గొట్టాలు రెండు చివర్ల దాకా డీజిల్‌తో కడిగి, కడ్డీకి అయస్కాంతం కట్టి లోపల తిప్పితే ఇంకా రజను వచ్చింది. ఈ పని వదిలేస్తే కొత్త బేరింగులకు మొదటి రోజే పాత రోగం అంటుకుంటుంది.

పినియన్ తలకూ పెద్ద బేరింగుకూ మధ్య ఉండే షిమ్మును (పల్చటి ఉక్కు రింగు) మైక్రోమీటర్‌తో కొలిచి, ముందు అదే మందంతో మొదలుపెట్టాను. పళ్లకు నీలిరంగు పూసి, క్రౌన్‌కు చెక్కతో అడ్డు పెట్టి తిప్పితే తాకిడి గుర్తు పంటి మొదట్లోకి దిగింది. అంటే పినియన్ ఎక్కువ లోపలికి ఉంది. షిమ్ము 0.05 తగ్గించాక గుర్తు పంటి ఎత్తులో నడిమికి వచ్చింది, పొడవులో లోపలి కొస వైపు కాస్త జరిగి కూర్చుంది. అట్లా ఉండటమే కావాలి. లోడు పడితే గుర్తు బయటి కొస వైపు జరుగుతుంది, బల్ల మీద సరిగ్గా నడిమిన పెడితే రోడ్డు మీద అంచుకు పోతుంది. రెండో ముఖం గుర్తు కూడా చూశాను. ఈ బండికి అది మరీ ముఖ్యం.

నట్టు కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ ఫ్లేంజ్ చుట్టూ దారం చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగి చూశాను. ఫ్లేంజ్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. కాటా 4 కిలోలు చూపితే 20 కిలో సెంటీమీటర్ల బిగువు. కొత్త బేరింగులకు ఈ యాక్సిల్‌లో అది సరైన లెక్క. కాలర్ నలగడం మొదలయ్యేదాకా పొడవు గొట్టం వేసి లాగాలి, మొదలయ్యాక పావు చుట్టులో అంతా మారిపోతుంది. ఎయిర్ గన్ ఇక్కడ వాడకూడదు. బిగువు దాటితే వదులు చేసి సరిపెట్టడం కుదరదు, కాలర్ తీసి పారేసి కొత్తది వేయాలి. తర్వాత సైడ్ నట్టులతో క్రౌన్ జరిపి పళ్ల ఆటను నాలుగుచోట్లా 0.17 దగ్గరికి తెచ్చి లాక్ ప్లేట్లు వేశాను.

సీల్ మాత్రమే మార్చే అన్నదమ్ములకు: నట్టు విప్పేముందు తిప్పుడు బిగువు కాటాతో చూసి రాసుకోండి. నట్టుకూ షాఫ్టుకూ ఫ్లేంజ్‌కూ కలిపి పంచ్ గుర్తు కొట్టండి. మళ్లీ అదే గుర్తుకు తెచ్చి, కాటా అదే లెక్క చూపేదాకా పిసరంత పైకి బిగించండి. ఈ కాసేపటి పని దాటేస్తే పైన రాసినదంతా ఇంకో బండిలో జరుగుతుంది.

ఆయిల్ విషయంలో మా దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది. "తొంభై ఆయిల్" అని డబ్బాలోంచి తీసి గేర్‌బాక్సుకూ హౌసింగుకూ ఒకటే పోస్తారు. ఈ పినియన్ క్రౌన్ నడిమికి కాకుండా కిందికి జరిగి ఉంటుంది, హైపాయిడ్ అంటారు. 1920ల మధ్యలో అమెరికాలో గ్లీసన్ కంపెనీ దీన్ని తెచ్చింది, ప్యాకార్డ్ కార్లలో ముందుగా వచ్చింది. షాఫ్ట్ కిందికి దిగింది, పన్ను బలంగా వచ్చింది, శబ్దం తగ్గింది. దానికి చెల్లించిన ధర ఏమిటంటే, పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా రాసుకుంటూ జారతాయి. మామూలు ఆయిల్ పొర ఆ ఒరిపిడికి చిరిగిపోతుంది. గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువగా కలిసిన జీఎల్-5 రకమే అక్కడ నిలుస్తుంది. దాన్నే గేర్‌బాక్సులో పోస్తే కొన్ని బళ్లలో గేరు మార్పును సాఫీ చేసే ఇత్తడి సింక్రో రింగులకు మంచిది కాదు, అక్కడ జీఎల్-4 అడుగుతారు. అందుకే అంకె 80-90 అని ఒకటే ఉన్నా డబ్బా మీద జీఎల్ రకం చదివి పోయాలి. ఈ బండికి జీఎల్-5 లెవల్ ప్లగ్ అంచు దాకా పోశాం. బ్రీదర్‌కు చిన్న రబ్బరు గొట్టం తగిలించి, మూతిని ఛాసిస్ పైదాకా తీసుకెళ్లి కిందికి వంచి కట్టాను.

కొత్త జంటకు మొదట్లో వేడి ఎక్కువ. ముప్పై కిలోమీటర్లు ఖాళీగా తిప్పి అరగంట చల్లారనివ్వమన్నాను. ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా సగం లోడే వేయాలని, ఆ తర్వాత ఆయిల్ మార్చాలని చెప్పాను. టమాటా సీజన్‌లో సగం లోడు అంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన కిరాయి తగ్గించుకుని దగ్గరి యార్డులకే తిప్పాడు, మాట నిలబెట్టుకున్నాడు.

ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు ప్లగ్ మీద మెత్తటి బూడిద ముద్ద మాత్రమే ఉంది, వేళ్లకు ఏదీ గుచ్చుకోలేదు. ఫ్లేంజ్‌లో ఆట లేదు, సీల్ పొడిగా ఉంది. పూర్తి లోడుతో ఘాట్ దిగి వచ్చాక, యాభై దాటితే సన్నగా ఒక ధ్వని వస్తోందని చెప్పాడు. కూర్చుని విన్నాను. తొక్కినా వదిలినా ఒకే తీరుగా ఉంది, పెరగడం లేదు. అది అరిగిన టైరుది. రెండు టైర్లూ ఒకే జత వేయించుకోమన్నాను, ఆ నెల డబ్బు సర్దుబాటు కాక తర్వాత వేయిస్తానన్నాడు. వచ్చే ఎఫ్‌సీకి ముందు పెయింటు వేసే షెడ్డుకు నేనే ఫోన్ చేసి, గొట్టం మూతికి టేపు చుట్టి పని అయ్యాక విప్పమని చెప్తానన్నాను.